ఒకే కొండ, చేయి తిరిగిన ఇద్దరు

ఆ దృశ్యం కొన్ని సెకన్లే ఉంటుంది. ఉదయపు ఎండ ఎదురుగా వచ్చి కళ్లలో కొడుతోంది. కారు నడుపుతున్న మనిషి ఒక చెయ్యెత్తి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. పొలం గట్టు మీద నిలబడి దూరాన వస్తున్నదెవరో చూసే రైతు చెయ్యి నుదుటి మీదికి ఎలా పోతుందో అలాగే, అంత మామూలుగా. రెండో చెయ్యి స్టీరింగు మీద ఉంది. ఆ ఒంటి చేత్తోనే కంకర రోడ్డు మీద కారును దౌడు తీయిస్తున్నాడు. రోడ్డు అంచున పిట్టగోడ లేదు. అంచు దాటితే లోయే.

ఆ మనిషి ఆరి వాటనెన్. ఫిన్లాండ్ దేశస్థుడు, 1981 ప్రపంచ ర్యాలీ చాంపియన్. 1985లో అర్జెంటీనా ర్యాలీలో కారు పల్టీలు కొట్టి, చావు గుమ్మం దాకా వెళ్లి వచ్చినవాడు. ఆ తర్వాత మూడేళ్లకు, 1988లో, అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో పైక్స్ పీక్ అనే కొండ మీదికి ప్యూజో 405 టర్బో 16 కారును నడిపాడు. ఆ పరుగు మీద జాన్ లూయీ మూరే తీసిన ‘క్లైంబ్ డాన్స్’ అనే చిన్న చిత్రంలోదే ఈ దృశ్యం. నిడివి అయిదారు నిమిషాలు. వ్యాఖ్యానం ఉండదు. ఇంజను మోత, టైర్ల కింద చిట్లే కంకర, మలుపు మలుపుకీ లేచే దుమ్ము. కారు ఎక్కడా ముక్కుసూటిగా పోదు. మలుపు ఇంకా రాకముందే అడ్డం తిరుగుతుంది, అడ్డంగానే మలుపులో దూరుతుంది, బయటికొచ్చాక ఒక క్షణం నిటారై, మళ్లీ రెండో వైపుకు అడ్డం తిరుగుతుంది.

నేను ఆ చిత్రాన్ని చాలాసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ ఒక్కటే ప్రశ్న. ఇలా జారుతూ పోవడం వేగమా, రోడ్డును అంటిపెట్టుకుని పోవడం వేగమా? కార్ల పందేల మీద మోజున్న ఇద్దరు ఒకచోట కలిస్తే ఈ వాదన రాకుండా ఉండదు. డ్రిఫ్ట్ అనేవాళ్లు కొందరు, గ్రిప్ అనేవాళ్లు కొందరు. నాకైతే ఈ వాదనకు జవాబు వెతకడానికి పైక్స్ పీక్ కంటే మంచి చోటు లేదు. ఎందుకంటే ఆ కొండ మీద ఒకే రోడ్డు రెండు జన్మలెత్తింది.

అక్కడ పందెం 1916లో మొదలైంది. రోడ్డు పొడవు 19.99 కిలోమీటర్లు, మలుపులు 156. సముద్రమట్టానికి 2,862 మీటర్ల ఎత్తున మొదలై 4,302 మీటర్ల దగ్గర శిఖరం మీద ముగుస్తుంది. దశాబ్దాల పాటు అది కంకర రోడ్డే. వానలకు కొట్టుకుపోయే కంకర కింది వాగులను, జలాశయాలను పూడ్చేస్తోందని సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థ కోర్టుకెక్కింది. ఆ తర్వాత ఏటా కొంత కొంతగా తారు వేసుకుంటూ వచ్చి 2011లో పూర్తిచేశారు. 2012 నుంచి పందెమంతా తారు మీదే.

వాటనెన్ కంకర మీద తీసుకున్న సమయం 10 నిమిషాల 47.22 సెకన్లు. అంతకు ముందు ఏడాది జర్మన్ డ్రైవర్ వాల్టర్ రోర్ల్ ఆడి క్వాట్రో ఎస్1లో 10 నిమిషాల 47.85 సెకన్లు తీసుకుని, పదకొండు నిమిషాల లోపు కొండెక్కిన మొదటివాడయ్యాడు. వేరే కారు, వేరే మనిషి, వేరే ఏడాది. తేడా 0.63 సెకను. రెప్పపాటు కంటే కొంచెం ఎక్కువ. ఆ కంకర మీద ఆ కాలపు కారుతో మనిషి తేగలిగిన వేగం హద్దు ఎక్కడుందో ఇద్దరూ వేర్వేరు దారుల్లో వచ్చి తాకారని నాకనిపిస్తుంది.

ఇప్పుడు రెండో మనిషి. 2013 జూన్ 30. సెబాస్టియన్ లోబ్, ఫ్రాన్స్‌లోని అల్సాస్ వాడు. చిన్నప్పుడు జిమ్నాస్ట్. 2004 నుంచి 2012 దాకా వరుసగా తొమ్మిది సార్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్. కారు మళ్లీ ప్యూజోనే, ఈసారి 208 టీ16. బరువు 875 కిలోలు, శక్తి 875 హార్స్‌పవర్. కిలోకు ఒక గుర్రం. వెనక రెక్కను లె మాన్ పందెపు కారు నుంచి తెచ్చి పెట్టారు. లోబ్ తీసుకున్న సమయం 8 నిమిషాల 13.878 సెకన్లు. అంటే సగటున గంటకు 145 కిలోమీటర్ల పైనే. మలుపు మీద మలుపు వచ్చే ఘాట్ రోడ్డు మీద, మొదలు నుంచి చివరి దాకా కలిపి, అంత సగటు. వాటనెన్ సగటు గంటకు 111.

కారులోని కెమెరాతో తీసిన లోబ్ వీడియోను వాటనెన్ చిత్రం చూసిన వెంటనే చూడాలి. చూసే కళ్లు తడబడతాయి. లోబ్ చేతులు స్టీరింగు మీద పెట్టిన చోటే ఉంటాయి. మలుపు వస్తే ఎంత తిప్పాలో అంత, ఒక్కసారే తిప్పుతాడు. మలుపు విప్పుకునే కొద్దీ అంతే మెల్లగా విప్పుతాడు. మధ్యలో వేలి వెడల్పంత చిన్న చిన్న దిద్దుబాట్లు. పక్కకు జారడం లేదు, దుమ్ము లేదు, నాట్యం లేదు. కానీ రోడ్డు మాత్రం కొండచిలువ మింగుతున్నట్టు మాయమైపోతుంటుంది.

రెండు సమయాల మధ్య తేడా 2 నిమిషాల 33 సెకన్లు. దీన్ని చూపించి, చూశారా, అంటిపెట్టుకుని పోవడమే గెలిచిందనడం తొందరపాటు. పాతికేళ్ల తేడా ఉన్న కార్లవి. శక్తి వేరు, రెక్కలు వేరు, టైర్లు వేరు. తారు ఒక్కటే ఇంత తేడా తెచ్చిందనడానికీ లేదు. మొత్తం తారు వేసిన మొదటి ఏడాది, 2012లో, గెలిచిన రీస్ మిలెన్ సమయం 9 నిమిషాల 46 సెకన్లు. మరుసటి ఏడాదే లోబ్ అందులోంచి నిమిషన్నర కోసేశాడు. కాబట్టి గడియారాన్ని కాసేపు పక్కన పెట్టి కారు కింద పడుకుని చూడాలి. జవాబు అక్కడ, టైరు నేలను తాకే చోట ఉంది.

టైరు ఎంత పెద్దదైనా నేలను తాకేది అరచేయంత మేరే. నాలుగు టైర్లకు నాలుగు అరచేతులు. కారు మలుపు తిరిగిందంటే, ఆగిందంటే, ఆ నాలుగు అరచేతుల చలవే. ఇప్పుడు స్కూలు పిల్లల రబ్బరు ముక్క ఒకటి తీసుకుని నోటుబుక్కు మీద నొక్కి పక్కకు తొయ్యండి. ముందు పైభాగం కదులుతుంది, అడుగు కాగితాన్ని పట్టుకునే ఉంటుంది. రబ్బరు ఏటవాలుగా వంగుతుంది. ఇంకా తోస్తే అడుగు కూడా వదిలేసి జారుతుంది. మలుపులో టైరు చేసేది ఇదే. టైరు పైపొరలోని ప్రతి రబ్బరు దిమ్మా నేలను తాకినప్పుడు నిటారుగానే తాకుతుంది. చక్రం ముందుకు దొర్లే కొద్దీ అది పక్కకు వంగుతుంది. నేలను వదిలే వేళకు, అరచేయి వెనక అంచున, అది పట్టు సడలి కొంచెం జారుతుంది. అంటే అదే అరచేతిలో ముందు భాగం పట్టుకుని ఉంటుంది, వెనక భాగం జారుతూ ఉంటుంది.

దీని వల్ల ఒక చిత్రమైన సంగతి ఉంది. మలుపులో చక్రం చూసే దిక్కు, అది నిజంగా పోయే దిక్కు ఎప్పుడూ ఒకటి కావు. రెండింటి మధ్య చిన్న కోణం ఉంటుంది. పందేల వాళ్లు దాన్ని స్లిప్ యాంగిల్ అంటారు. ఆ కోణం సున్నా అయితే టైరుకు పక్కబలం ఉండదు, కారు తిరగదు. కోణం పెరిగే కొద్దీ బలం పెరుగుతుంది. తారు మీద, ఇప్పటి పందెపు టైర్లకు, పది డిగ్రీల లోపే ఎక్కడో ఆ బలం శిఖరానికి చేరుతుంది. అక్కడి నుంచి కోణం ఇంకా పెంచితే జారే భాగం అరచేయి అంతటా పాకి, బలం తగ్గడం మొదలవుతుంది.

కాబట్టి గ్రిప్ అని మనం మెచ్చుకునేది కూడా జారుడే. లోబ్ జారడం లేదని అనుకున్నాం. అతనూ జారుతున్నాడు, ప్రతి మలుపులోనూ. కాకపోతే కంటికి ఆననంత, శిఖరం మీద నిలిచేటంత మాత్రమే. కంటికి ఆనని ఆ జారుడు చెవికి ఆనుతుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. ఎలక్ట్రిక్ కార్లు కాబట్టి ఇంజను హోరు ఉండదు. ఆ పందేల్లో మలుపు దగ్గర చెవి పెడితే టైరు గొంతు వినిపిస్తుంది: సన్నగా, ఎడతెగకుండా కీచుమనే చప్పుడు. కళ్లకు కారు పట్టాల మీద రైలులా పోతున్నట్టే ఉంటుంది. చెవికి మాత్రం రబ్బరు నేల మీద ఈడ్చుకుపోతున్న సంగతి తెలుస్తుంది. పెట్రోలు ఇంజన్ల రొదలో ఇన్నేళ్లూ మనకు వినిపించని నిజం అది.

మరి కోణం పెంచితే నష్టమేమిటి? రెండు నష్టాలు. ఒకటి చెప్పుకున్నాం, శిఖరం దాటాక పట్టు తగ్గుతుంది. రెండోది, అడ్డం తిరిగిన చక్రం పుట్టించే బలం మలుపు లోపలికే కాకుండా కొంత వెనక్కి కూడా లాగుతుంది. స్వేచ్ఛగా దొర్లే చక్రం ఎనిమిది డిగ్రీలు అడ్డంగా ఉంటే బలంలో దాదాపు ఏడో వంతు వెనక్కి లాగడానికే పోతుంది. ముప్పై డిగ్రీలైతే సగం పోతుంది. ఆ నష్టాన్ని ఇంజను పూడ్చాలి. డ్రిఫ్ట్ పోటీల్లో టైర్ల కింద నుంచి లేచే తెల్లటి పొగ ఉంటుందే, ఇంజను పడిన ఆ అదనపు కష్టమే పొగై కనిపిస్తుంది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే లోబ్ పనితనమంతా ఇందులోనే ఉంది. టైరు దగ్గర ఉన్న పట్టు ఒక రూపాయి అనుకోండి. బ్రేకుకూ, మలుపుకూ, యాక్సిలరేటర్‌కూ ఆ రూపాయిలోంచే ఇవ్వాలి. అయితే ఈ రూపాయి మామూలు రూపాయి కాదు. మలుపుకు ఎనభై పైసలు ఇచ్చినా బ్రేకుకు ఇరవై కాదు, అరవై పైసలు మిగులుతాయి. ఒకటి పక్కకు, ఒకటి వెనక్కి, లంబకోణంలో పనిచేసే బలాలు కాబట్టి పైథాగరస్ సూత్రం అలా కలిసొస్తుంది. అందుకే గొప్ప డ్రైవరు బ్రేకు వదిలేశాక మలుపు తిప్పడు. బ్రేకు కాలి కింద కరుగుతూ ఉండగానే స్టీరింగు తిరుగుతూ ఉంటుంది. ఒకటి తగ్గినంత మేరకు రెండోది పెరుగుతుంది. మధ్యలో ఎక్కడా అతుకు కనపడకూడదు. లోబ్ మలుపులోకి దిగే తీరు చూస్తే బ్రేకు ఎక్కడ అయిపోయిందో, మలుపు ఎక్కడ మొదలైందో చెప్పలేం. నేత చీరలో అంచు రంగు ఒంటి రంగులో కలిసే చోటు వెతికినట్టే ఉంటుంది.

అయితే ఇదంతా తారు కథ. కంకర మీదికి వచ్చేసరికి టైరు వేరే పని చేస్తుంది.

టూవీలర్ నడిపే ప్రతివాడికీ తెలిసిన సంగతి, తారు రోడ్డు మీద ఇసుక పల్చగా పరుచుకుని ఉంటే బండి స్కిడ్ అవుతుంది. గట్టి నేల మీద ఇసుక రేణువులు గోళీల్లా దొర్లుతాయి. టైరు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైక్స్ పీక్ కంకర అలాంటిది కాదు. అక్కడ వదులు పొర మందంగా ఉంటుంది, దాని కింద గట్టి నేల ఉంటుంది. అందులో టైరు అడ్డంగా జారితే పక్క అంచు కంకరలోకి దిగి తవ్వుతుంది. గుంటక తోలుతుంటే పలక ముందు మట్టి పోగైనట్టు, టైరు పక్కన కంకర పోగవుతుంది. ఆ పోగును నెట్టుకుంటూ పోవాలి కాబట్టి పక్కబలం పెరుగుతుంది. తారు మీద పది డిగ్రీల లోపే శిఖరం దాటే టైరు, వదులు నేల మీద కోణం బాగా పెరిగినా బలాన్ని వదలదు. కంకర మీద సడన్ బ్రేకు వేస్తే, ఏబీఎస్ ఉన్న బండి కంటే చక్రాలు బిగుసుకుపోయిన బండి తక్కువ దూరంలో ఆగవచ్చనేది కూడా ఇందుకే. బిగుసుకున్న చక్రం తన ముందు తానే కట్ట వేసుకుంటుంది.

కాబట్టి వాటనెన్ అడ్డంగా పోవడం ఆడంబరం కాదు. నేల అడిగినంత కోణం అతను ఇస్తున్నాడు.

ఒక్క హెయిర్‌పిన్ మలుపును దగ్గరగా చూద్దాం. ఎడమకు తిరిగే మలుపు అనుకుందాం. మామూలు డ్రైవరు బ్రేకు వేసి, ఎడమకు తిప్పి, మెల్లగా బయటికి వస్తాడు. ఫిన్లాండ్, స్వీడన్ ర్యాలీ డ్రైవర్లు ముందు కుడికి తిప్పుతారు. అవును, మలుపుకు ఎదురు దిక్కుకు. కారు బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది. వెంటనే యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు తాకి, స్టీరింగును ఎడమకు లాగుతారు. ఒరిగిన బరువు ఊయల తిరిగొచ్చినట్టు రెండో వైపుకు ఊగుతుంది. ఆ ఊపుకు కారు వెనక భాగం బయటికి విసిరినట్టు తిరిగిపోతుంది. స్కాండినేవియన్ ఫ్లిక్ అంటే ఇదే. మలుపు ఇంకా కొన్ని మీటర్ల దూరంలో ఉండగానే కారు ముక్కు మలుపు లోపలికి చూస్తోంది. ఒళ్లంతా అడ్డంగా జారుతోంది.

ఈ జారుడు నాలుగు పనులు ఒకేసారి చేస్తుంది. కంకరను నెట్టుకుంటూ పోతోంది కాబట్టి వేగం తగ్గుతుంది, అంటే జారుడే బ్రేకు. కారు ముందే తిరిగిపోయింది కాబట్టి మలుపు మధ్యలో తిప్పడానికి సమయం వృథా కాదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కారు కాబట్టి, ముక్కు దారికి రాగానే యాక్సిలరేటర్ నొక్కితే దూకుతుంది. నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. కంకర ప్రతి గజానికీ మారుతుంది. నిన్న ఉన్న చోట ఈ రోజు ఉండదు, ముందు పోయిన కారు దాన్ని కదిలించి ఉంటుంది. మలుపు లోపల ఎంత పట్టు ఉందో ముందుగా ఎవరికీ తెలియదు. ముక్కుసూటిగా, సరిగ్గా హద్దు మీద వచ్చినవాడికి అక్కడ పట్టు కొంచెం తక్కువైతే కారు తిరగదు, నేరుగా లోయలోకి పోతుంది. అడ్డంగా వచ్చినవాడి చేతిలో ఇంకా దారులు ఉంటాయి. యాక్సిలరేటర్ కాస్త వదిలితే కారు లోపలికి ముడుచుకుంటుంది, నొక్కితే బయటికి విచ్చుకుంటుంది. కాలి బొటనవేలితో దారి గీస్తున్నాడు. ప్యూజో 405కు వెనక చక్రాలు కూడా తిరిగే ఏర్పాటు ఉంది. అది ఆ ముడుచుకోవడానికి ఇంకొంచెం సాయం. కానీ ఏ క్షణాన ఎంత అనేది ఆ బొటనవేలికే తెలుసు.

ఎండకు అడ్డంగా చెయ్యెత్తిన ఆ దృశ్యాన్ని నేను అందుకే అంతగా మెచ్చుకుంటాను. చూసేవాళ్లు తెగింపు అంటారు. నాకు అందులో పనితనం కనిపిస్తుంది. కారును నడిపించడంలో సగం పని కాళ్లు చేస్తున్నాయి, స్టీరింగు మీద ఒక చెయ్యి చాలు అన్న లెక్క ఒంట్లో ఇంకిపోయినవాడే రెండో చెయ్యిని అంత నింపాదిగా ఎత్తగలడు. ఆ క్షణంలో అతనికి కావలసింది చూపు. దాని కోసం ఒక చేతిని ఖర్చు పెట్టాడు.

లోబ్ పనితనం వేరే చోట ఉంది. అది పందెం రోజుకు ముందే చాలావరకు అయిపోయిన పని. ర్యాలీల్లో అతని పక్క సీట్లో డానియల్ ఎలెనా కూర్చుని ముందున్న మలుపును చదివి వినిపించేవాడు. 208 టీ16లో పక్క సీటు లేదు. 156 మలుపులూ తనే బట్టీ పట్టాలి. పైగా ఆ కొండ మీద పందేనికి ముందు మొత్తం రోడ్డును ఒక్క ఊపులో నడిపి చూసే అవకాశం ఎవరికీ ఇవ్వరు. తెల్లవారుజామున, టూరిస్టుల కోసం గేటు తెరవకముందు, ముక్కలు ముక్కలుగా సాధన చేయాలి. ఒక రోజు కింది భాగం, ఒక రోజు మధ్య భాగం, ఒక రోజు పైభాగం. మొదటి నుంచి చివరి దాకా పూర్తి వేగంతో పోవడం పందెం రోజునే, అదీ ఒక్కసారే. లోబ్ ఫ్రాన్స్‌లో మోంట్ వెంటూ కొండ మీద కారును ముందుగా పరీక్షించుకుని వచ్చాడు. తారు మీద పట్టు కంకర మీదలా గజం గజానికీ మారదు. అందుకే అతని విద్య ముందుగా లెక్క కట్టుకునే విద్య. ఏ మలుపులో ఎంత వేగం నిలుస్తుందో లెక్క వేసుకుని, ఆ అంకె మీదికి కారును తెచ్చి నిలబెట్టాలి. ఒక కిలోమీటరు తక్కువైతే సమయం పోతుంది, ఒక కిలోమీటరు ఎక్కువైతే కారు పోతుంది.

అక్కడ ఇంకో చిక్కు ఉంది. లోబ్ కారు వేగంగా పోయే కొద్దీ రెక్కలు గాలిని పట్టుకుని కారును నేలకు అదుముతాయి. అదిమిన కొద్దీ పట్టు పెరుగుతుంది. కానీ కొండెక్కే కొద్దీ గాలి పలచబడుతుంది. శిఖరం దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి అరవై శాతమే. రెక్కకు అందే గాలి తగ్గుతుంది కాబట్టి కింద అరవయ్యో మలుపులో నిలిచిన వేగం, అలాంటిదే ఇంకో మలుపు పైన వస్తే నిలవదు. అంటే అతను బట్టీ పట్టింది మలుపుల ఆకారాన్ని ఒక్కదాన్నే కాదు, ఎత్తుతో పాటు తరిగిపోయే పట్టును కూడా. అడ్డం తిరిగిన కారుకు రెక్క సరిగా పనిచేయదు. గాలి ఎదురుగా తగిలితేనే దానికి బలం. రెక్క మీద ఆధారపడిన కారు జారకూడదనడానికి ఇదొక కారణం.

ఒక చిన్న లెక్క చెప్పి ఈ భాగం వదిలేస్తాను. వంద మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకోండి. రెక్కల సాయం లేకుండా, టైరు తన మీద పడిన బరువంత పక్కబలం ఇవ్వగలిగితే, ఆ మలుపులో నిలిచే వేగం గంటకు దాదాపు 113 కిలోమీటర్లు. బరువులో అరవై శాతమే ఇవ్వగలిగితే 87. పట్టు నలభై శాతం పోయినా వేగం పోయింది నాలుగో వంతు కంటే తక్కువే, ఎందుకంటే వేగం పట్టుకు వర్గమూలంగా మారుతుంది. కంకర మీద వాటనెన్ అంత వేగంగా ఎలా పోగలిగాడని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబులో ఒక భాగం ఈ వర్గమూలం.

తారు మీద ఎప్పుడూ అంటిపెట్టుకుని పోవడమే మేలు అని తేల్చేద్దామంటే ఫాంజియో అడ్డొస్తాడు. అర్జెంటీనాలోని బాల్కార్సేలో పుట్టి, మెకానిక్కుగా మొదలై, అయిదుసార్లు ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్ అయిన హువాన్ మాన్యుయెల్ ఫాంజియో. 1957లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అతని మాజరాటి 250ఎఫ్ కారు ఫోటోలు చూడండి. తారు రోడ్డే. కారు మాత్రం నాలుగు చక్రాల మీదా ఒకేసారి పక్కకు తేలిపోతోంది. ముక్కు మలుపు లోపలికి, ముందు చక్రాలు దాదాపు నిటారుగా, మనిషి భుజాలు సడలించుకుని, మోచేతులు వంచుకుని. ఆ కాలపు టైర్లు సన్నగా ఉండేవి, లోపలి దారాలు అడ్డదిడ్డంగా అల్లినవి. వాటి పట్టు పెద్ద కోణం దగ్గర శిఖరానికి చేరేది, శిఖరం దాటాక కూడా మెల్లగా తగ్గేది. అంటే ఆ టైరుకు ఆ జారుడే సరైన కోణం. ఆ ఏడాది ఆగస్టు 4న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో, టైర్లు మార్చి పెట్రోలు పోయించుకోవడానికి ఆగి, ఇంచుమించు ముప్పావు నిమిషం వెనకబడి, తర్వాత ల్యాపు ల్యాపుకీ రికార్డులు బద్దలుకొట్టుకుంటూ పోయి, ముందు పోతున్న డ్రైవర్లు హాథార్న్, కాలిన్స్ ఇద్దరినీ దాటి 3.6 సెకన్ల తేడాతో గెలిచాడు. అందులో అతని వేగవంతమైన ల్యాపు 9 నిమిషాల 17.4 సెకన్లు, ముందు రోజుల్లో పోల్ పొజిషన్ తెచ్చిన తన సొంత సమయం కంటే ఎనిమిది సెకన్లు తక్కువ. అప్పటికి అతని వయసు 46.

తర్వాత టైర్లు మారాయి. 1971లో గాడుల్లేని నున్నటి స్లిక్ టైర్లు ఫార్ములా వన్‌లోకి వచ్చాయి, 1977లో రెనో కారుతో మిషెలిన్ రేడియల్ టైర్లను తెచ్చింది. వెడల్పు పెరిగింది, రెక్కలు వచ్చాయి. శిఖరం చిన్న కోణానికి జరిగింది, దాటితే పట్టు ఠక్కున తెగడం మొదలైంది. ఫాంజియో చేతికి సరిపోయిన నాట్యం ఆ కొత్త టైర్ల మీద నెమ్మదైన నడకే అవుతుంది.

డ్రిఫ్ట్‌ను పోటీగా మార్చిన జపాన్ వాళ్ల మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. కునిమిత్సు తకహాషి అనే పందెపు డ్రైవరు 1970లలో కారును అడ్డం తిప్పుతూ మలుపులు దాటేవాడు. అతన్ని చూసి నేర్చుకున్న కెయిచి త్సుచియా ఆ విద్యను కొండ రోడ్ల మీద, టయోటా ఏఈ86 కారుతో ప్రపంచానికి పరిచయం చేశాడు. డ్రిఫ్ట్ కింగ్ అని పేరు. ఇప్పుడు డ్రిఫ్ట్ పోటీల్లో గెలుపు తేల్చేది గడియారం కాదు, న్యాయనిర్ణేతలు. కోణం, గీత, శైలి, అన్నీ లెక్కలోకి వస్తాయి. 1995లో ఆ గురువూ ఆ శిష్యుడూ ఇద్దరూ, అకిరా ఇయిదాతో కలిసి, లె మాన్ 24 గంటల పందెంలో హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ నడిపి తమ జీటీ2 తరగతిలో గెలిచారు, మొత్తం మీద ఎనిమిదో స్థానంలో వచ్చారు. 24 గంటల పాటు టైర్లనూ కారునూ దాచుకుంటూ నడపాల్సిన పందెం అది. జారుడుకు పేరుపడ్డవాళ్లు పట్టు మీద గెలిచారు. జారుడు ఎక్కడ మొదలవుతుందో అందరికంటే బాగా తెలిసినవాడికి, దాని ఇవతలి గట్టున నిలబడడం కూడా అంతే బాగా తెలుస్తుంది కదా.

మళ్లీ పైక్స్ పీక్‌కు వద్దాం. కంకర కొండకూ తారు కొండకూ మధ్య కొన్నేళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో రోడ్డు కొంత తారు, కొంత కంకర. ఆ కాలపు రాజు జపాన్ డ్రైవరు నోబుహిరో తజిమా. అభిమానులు మాన్‌స్టర్ అని పిలుచుకునేవాళ్లు. 2011 జూన్‌లో, కంకర మిగిలి ఉన్న ఆఖరి ఏడాది, అరవై ఏళ్ల వయసులో తజిమా సుజుకి ఎస్‌ఎక్స్4 కారులో 9 నిమిషాల 51.278 సెకన్లలో శిఖరం చేరాడు. ఆ కొండను పది నిమిషాల లోపు ఎక్కిన మొదటి మనిషి అతనే.

వాటనెన్‌కు ఒకటే నేల, లోబ్‌కు ఒకటే నేల. తజిమాకు రెండూ ఒకే పరుగులో. టైర్లు ఒకటే జత. కంకరకు నప్పితే తారు మీద కరిగిపోతాయి, తారుకు నప్పితే కంకర మీద తేలిపోతాయి. స్ప్రింగులు మెత్తగా ఉంటే తారు మీద కారు ఒరుగుతుంది, గట్టిగా ఉంటే కంకర గతుకుల్లో ఎగురుతుంది. ఆ రాజీలన్నీ కింద గ్యారేజీలోనే కుదుర్చుకుని, స్టీరింగు పట్టుకుని కూర్చోవాలి. ఆపైన మిగిలింది అతని చేతులూ కాళ్లూ. తారు మీద పది డిగ్రీల లోపు ఒదిగి ఉన్న కారు, గంటకు వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో, తారు అంచు దిగి కంకర మీద అడుగు పెడుతుంది. దుమ్ము లేస్తుంది. టైరు గొంతు కీచుదనం మాని గరగరలోకి మారుతుంది. మలుపు ఇంకా రాలేదు. స్టీరింగు ఒక్కసారి ఎదురు దిక్కుకు తిరుగుతుంది.